ముప్పై ఏడు నిమిషాల కోసం పది నెలలు

ముందే చెప్పేస్తున్నా, నేను నీళ్లలోకి దిగలేదు. సముద్రం అడుగున అగ్నిపర్వతం మీద బతికే జీవుల కోసం ఓడెక్కి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "సబ్‌మెరైన్‌లో పోయినవా?" లేదు. కింద తిరిగింది మనుషులు లేని యంత్రం. నేను పైన ఓడలో, స్వెటర్ వేసుకుని, తెరల ముందు కూర్చుని టైపు చేశాను. అయినా సరే ఇలాంటి ఓడలో చోటు కోసం చూస్తున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది జగిత్యాల దగ్గర ఊరు. సముద్రాన్ని మొదటిసారి చూసింది ఇంటర్ అయ్యాక, ఒక పెళ్లికని వైజాగ్ పోయినప్పుడు. ఇప్పుడు అమెరికా పడమటి తీరంలో పీహెచ్‌డీ చేస్తున్నా. 2022 అక్టోబరు మొదటి వారంలో మా గైడ్ మేడమ్ రెండు లైన్ల మెయిల్ పెట్టింది. వచ్చే ఎండాకాలం ఆక్సియల్ సీమౌంట్‌కు పోయే ఓడలో మన ల్యాబ్‌కు ఒక బెర్త్ దొరకొచ్చు, ఆసక్తి ఉందా అని. "దొరకొచ్చు" అన్న మాట నాకు కనబడలేదు. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి దొరికిందని చెప్పేశాను. మొదటి తప్పు అది.

ఆక్సియల్ అంటే అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం తీరానికి దాదాపు 480 కిలోమీటర్ల అవతల, హువాన్ డి ఫూకా అనే సముద్రగర్భ పర్వతశ్రేణి మీద ఉన్న అగ్నిపర్వతం. దాని నెత్తి మీదే ఒకటిన్నర కిలోమీటర్ల నీళ్లుంటాయి. 1998లో, 2011లో, 2015లో పేలింది. అమ్మకు ఇది చెప్పినప్పుడు ఆమె మొదటి ప్రశ్న, "నీళ్ల కింద పొయ్యి ఎట్ల మండుతది బిడ్డా?" రెండో ప్రశ్న, "గా పురుగుల కోసం గంత దూరం పోతవా?" మొదటిదానికి జవాబు చెప్పగలిగాను.

ఇక కాగితాల సంగతి. నవంబరులో మెడికల్ ఫారం వచ్చింది. డాక్టరు సంతకంతో పాటు పళ్ల డాక్టరు సంతకం కూడా కావాలి. ఎందుకో ముందు అర్థం కాలేదు. ఓడ మీద పళ్ల డాక్టరు ఉండడు, నడిసముద్రంలో పన్ను నొప్పి లేస్తే ఓడ మొత్తం వెనక్కి తిప్పాలి, అందరి పని పాడవుతుంది. నా జ్ఞానదంతం ఒకటి అడ్డంగా పెరుగుతోందని అప్పుడే బయటపడింది. పీకించుకుంటేనే సంతకం అన్నారు. ఇన్సూరెన్స్ పోను నా జేబులోంచి 340 డాలర్లు. మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయింది ఆ పన్నుకే, అదేమో ఎవరూ తిరిగివ్వరు.

ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో భయం ఉంటుంది, నాకూ ఉండింది: సముద్రంలో అంత దూరం పోతే దేశం దాటినట్టా? యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగాను. అమెరికా రేవులో ఎక్కి, మధ్యలో వేరే దేశం రేవు తాకకుండా మళ్లీ అమెరికా రేవులోనే దిగుతున్నావు కదా, ఇబ్బంది ఉండదు, అయినా పాస్‌పోర్టు, ప్రయాణ సంతకం ఉన్న ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా కాగితం) దగ్గర పెట్టుకో అన్నారు. పెట్టుకున్నాను, ఎవరూ అడగలేదు. మీది వేరే ఓడ, వేరే రేవు అయితే మీ ఆఫీసును మీరే అడగండి, నా మాట పట్టుకుని పోకండి.

ఫిబ్రవరిలో పిడుగు పడ్డట్టు ఇంకో మెయిల్. శాస్త్రవేత్తల బెర్త్‌లు నిండిపోయాయి, నువ్వు వెయిటింగ్‌లో ఉన్నావు అని. మూడు నెలలు ఏమీ లేదు. పన్ను పోయింది, బెర్త్ పోయింది అనుకున్నా. ఆ మూడు నెలల్లో రాత్రిపూట నేను చేసిన పని ఒకటే. ఆక్సియల్ మీద ఆషెస్ అనే చోట, మష్రూమ్ అని పేరు పెట్టిన ఒక చిమ్నీ, అంటే వేడినీరు చిమ్మే రాతి స్తంభం, ముందు కెమెరా ఉంది. తీరం నుంచి వేసిన కేబుల్ మీద దాని బొమ్మ వస్తుంది, రోజుకు ఎనిమిదిసార్లు, సారికి 14 నిమిషాలు. దీపం వెలుగుతుంది, పురుగుల గొట్టాల్లోంచి ఎర్రటి తలలు ఊగుతాయి, దీపం ఆరిపోతుంది. పాత వీడియోలన్నీ వరసపెట్టి చూశాను. మా రూమ్మేట్ దాన్ని నా సీరియల్ అనేది.

మే 19న ఎవరో తప్పుకున్నారు, చోటు నాదైంది.

ఆగస్టు 8న ఆరెగన్‌లోని న్యూపోర్ట్ రేవు చేరాం, 9న బయల్దేరాలి. బొటనవేలి దగ్గర ఇనుప తొడుగు ఉన్న బూట్లు తప్పనిసరి, సెకండ్‌హ్యాండ్ దుకాణంలో 35 డాలర్లకు దొరికాయి. ఒక సైజు పెద్దవి, రెండు జతల సాక్సులతో సరిపెట్టా. అంతలో ఓడ మీద బరువులు దించే వించ్‌లో ఏదో సమస్య అన్నారు. రెండు రోజులు ఆలస్యం. హోటల్ గది ఇద్దరం పంచుకున్నాం, తలా 95 డాలర్లు. ఆ డబ్బు తొమ్మిది వారాలకు గానీ తిరిగి రాలేదు. స్టైపెండ్ మీద బతికేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఓడెక్కాక మాత్రం పైసా ఖర్చు లేదు, తిండి కడుపు నిండా పెడతారు. మందు తాగడం నిషిద్ధం. శాకాహారం అని ముందే ఫారంలో రాశాను కాబట్టి వంటాయన నా కోసం రోజూ ఒక కూర చేశాడు. ఉప్పు ఉండేది, కారం ఉండేది కాదు. అమ్మ పంపిన మామిడి తొక్కు సీసా రెండో రోజుకే ఓడంతా ఫేమస్ అయింది. ఇంజన్ గదిలో పనిచేసే ఒక పెద్దాయన రోజూ పొద్దున కోడిగుడ్డు మీద వేసుకునేవాడు.

11న మధ్యాహ్నం కదిలాం. వాంతుల బిళ్ల ఓడెక్కే ముందు రాత్రే మొదలుపెట్టాలని సీసా మీద కాదు, మనుషుల నోట తెలుస్తుంది. నాకు ఆలస్యంగా తెలిసింది. రేవు దాటి సముద్రంలో కలిసేచోట అలలు ఒకదాని మీద ఒకటి లేస్తాయి. అక్కడ మొదలైన వాంతులు మరుసటి రోజు పొద్దుటిదాకా ఆగలేదు. బకెట్, ఉప్పు బిస్కెట్లు, నాలుక మీద తొక్కు బొట్టు, అంతే. పడుకుంటే పరవాలేదు, లేస్తే లోకం తిరుగుతుంది. ఒక్కసారి మాత్రం నిజంగా ఏడ్చాను, బాత్రూం నేల మీద కూర్చుని. పదేళ్లు చదివింది దీనికా అని.

సుమారు ఇరవై నాలుగు గంటల్లో ఆక్సియల్ మీదికి వచ్చాం. పైనుంచి ఏమీ కనబడదు. మామూలు నీళ్లే. సరిగ్గా కింద మూడు కిలోమీటర్ల వెడల్పు, ఎనిమిది కిలోమీటర్ల పొడవున్న అగ్నిపర్వత బిలం ఉందని మ్యాప్ చెప్పాలి. గాలి ఎక్కువైంది, అలలు పెద్దవి, యంత్రాన్ని దించడానికి వీల్లేదన్నారు. మూడు రోజులు ఆగాం. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. సముద్రం మీద సగం పని ఎదురుచూడటమే. తెల్లారితే వాతావరణ సూచన చూడటం, తల అడ్డంగా ఊపటం, మళ్లీ రొట్టె తినడం.

ఆ మూడు రోజుల్లో పాతవాళ్లు చెప్పిన కబుర్లే నాకు లాభం. 1998లో ఇక్కడ పెట్టిన ఒక పరికరం కాళ్లు లావాలో ఇరుక్కుపోయాయి. అది లావా మీద కూర్చునే అగ్నిపర్వతం ఉబ్బిందెంత, దిగిందెంత అని రాసుకుంటూ పోయింది. మరుసటి ఏడు దాన్ని పీకి తీస్తే రికార్డు చెక్కుచెదరలేదు. ఇంకోటి, 1977లో గలాపగోస్ దగ్గర మొట్టమొదటిసారి ఈ వేడినీటి బుగ్గల చుట్టూ జీవులు కనబడ్డప్పుడు ఓడలో ఒక్క జీవశాస్త్రవేత్త కూడా లేడు. వాళ్లలో ఎక్కువమంది రాళ్లను చదివేవాళ్లు. దొరికిన జీవులను నిలవ చెయ్యడానికి ఫార్మలిన్ చాలక వోడ్కాలో వేశారట. ఇప్పుడైతే ఓడలో వోడ్కా కూడా ఉండదు అని నవ్వారు.

16న తెల్లవారుజామున యంత్రం దిగింది. నా వాచ్, అంటే డ్యూటీ, పొద్దున నాలుగు నుంచి ఎనిమిది, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. డెక్ మీద బిగించిన కంటైనర్ గదిలో పని. లోపల చీకటి, కంప్యూటర్ల కోసం పెట్టిన చలి, గోడ నిండా తెరలు. దిగడానికి సుమారు గంట. తెర మీద పైకి పోతున్న తెల్లటి నలుసులు తప్ప ఏమీ లేదు. నిజానికి పోతున్నది మనం, అవి నెమ్మదిగా పడుతున్నాయి. పైన చచ్చిన జీవుల పొడి అది.

అడుగు కనబడగానే నా నిద్ర పోయింది. నల్లటి లావా, గాజులా మెరుస్తూ. కుమ్మరి వాములో బోర్లించిన కుండల్లా గుండ్రటి దిబ్బలు. పొడుగు కాళ్ల పీతలు ఒకటీ రెండూ. తర్వాత లావా పగుళ్లలో తెల్లటి పొర, పాలు విరిగినట్టు. అది బ్యాక్టీరియా. దాని పక్కనే నీలంగా ఒక పొర కనబడింది, నాచనుకున్నా. సూర్యుడు లేని చోట నాచెక్కడిది? అది ఏకకణ జీవుల గుంపు, ఒక్కోటి తన గూడు తను కట్టుకుని ఉంటుంది. అప్పుడు దీపం కొంచెం తిరిగింది, ఎర్రగా కనబడ్డాయి.

రిడ్జియా పిస్కెసే అనే గొట్టపు పురుగులు. రోజూ రాత్రి ఫోన్లో చూసినవే. 1980లలో ఇక్కడికి దిగిన పైసిస్ అనే జలాంతర్గామి పేరే దీనికి పెట్టారు. తెల్లటి గొట్టాలు గుబురుగా, ఒక్కో గొట్టం కొసన ఎర్రటి కుచ్చు. ఆ ఎరుపు మన నెత్తురులో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే. అయితే ఇది ఆక్సిజన్‌తో పాటు, మనకు విషమైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను కూడా మోస్తుంది. నోరు లేదు, పేగు లేదు. ఒంట్లో బ్యాక్టీరియాను పెట్టుకుని వాటికి ఈ రెండూ అందిస్తుంది, అవి వండి పెడతాయి. మా అమ్మకు ఇది చెబితే, "అద్దెకు ఇల్లిచ్చి వంట చేయించుకుంటున్నదన్నట్టు" అంది. క్లాసులో నేను ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

నీటి బుగ్గ జోరుగా ఉన్నచోట ఇవి పొట్టిగా లావుగా, మందంగా ఉన్నచోట సన్నగా పొడుగ్గా పెరుగుతాయి. రెండూ ఒకే జాతి. మొదట్లో వేరువేరని అనుకున్నారు. నేనూ ఆ తెర ముందు కూర్చుని నమ్మలేకపోయాను.

పక్కనున్న చిమ్నీలోంచి 300 డిగ్రీలు దాటిన నీరు చిమ్ముతుంది. పైన ఉన్న నీటి బరువు వల్ల మరగదు. నాలుగు వేళ్ల దూరంలో సముద్రం రెండు మూడు డిగ్రీల చల్లదనం. ఆ మధ్య సందులోనే వీళ్ల కాపురాలన్నీ. చిమ్నీ గోడకు అంటుకుని సల్ఫైడ్ పురుగులు. ఇవి ల్యాబ్ తొట్టిలో తమంతట తాము 40 నుంచి 50 డిగ్రీల వైపు పోయి కూర్చున్నాయని పేపర్లలో చదివాను. కొంచెం కింద తాటి పురుగులు, నిజంగానే చిన్న తాటిచెట్ల తోపులా. గొట్టాల మీద లింపెట్లు, గాంధీ టోపీ లాంటి చిప్ప ఉన్న నత్తలు, ఒకదాని వీపు మీద ఒకటి, దాని మీద ఇంకొకటి. సంక్రాంతికి ఊరెళ్లే బస్సు గుర్తొచ్చింది.

ఆ డైవ్‌లో ఎక్కువ సమయం పరికరాలు మార్చడానికి. జీవుల కోసం మాకు ఇచ్చింది ముప్పై ఏడు నిమిషాలు. నేను గడియారం చూసి రాశాను కాబట్టి తెలుసు: 5:48 నుంచి 6:25. ఇనుప చెయ్యి ఒక గుబురును మొదలంట పట్టి లాగింది. గొట్టాలన్నీ ఒక్కసారిగా ఎర్రకుచ్చులు లోపలికి గుంజుకున్నాయి. తర్వాత పీల్చే గొట్టంతో కింద మిగిలినవి పీల్చాలి. మూడో సీసా దగ్గర గొట్టం మూసుకుపోయింది. ఆరు నిమిషాలు అందులోనే పోయాయి. ఓడలోంచి యంత్రాన్ని నడిపే పైలట్ ఒక్క మాట మాట్లాడకుండా ముందుకూ వెనక్కూ నీళ్లు తిప్పి విడిపించాడు. నా గుండె చప్పుడు నాకే వినబడింది. పది నెలలు ఎదురుచూసి, ఆఖరికి ఒక నత్త అడ్డుపడిందని రాయాల్సి వస్తుందేమో అనుకున్నా.

గుబురు పెట్టెలో పడ్డప్పుడు సంతోషం వేస్తుందనుకున్నాను. వేసింది, కానీ దాంతో పాటు ఇంకోటి కూడా. ముందురోజు అమ్మ వాట్సాప్‌లో అడిగింది: "అవ్విటిని సంపుతవా?" ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని చెప్పి తప్పించుకున్నాను. తర్వాత నిజమే చెప్పాను, అవును అని. వెంటనే "మల్ల పుడ్తయా?" అంది. దీనికి నా దగ్గర జవాబు ఉంది. 1998 పేలుడులో లావా కప్పేసిన చోట ఏడాది తిరక్కముందే గొట్టపు పురుగులు మళ్లీ మొలిచాయి, రెండు మూడేళ్లలో చాలా జాతులు తిరిగి వచ్చేశాయి. 2015 ఏప్రిల్ 24న ఒక్కరోజులో దాదాపు ఎనిమిది వేల భూకంపాలు నమోదయ్యాయి. ఉత్తరం వైపు లావా ఒకచోట 127 మీటర్ల మందాన పేరుకుంది. అలాంటివి తట్టుకున్న ఊరు అది. కాబట్టి నేను తీసిన ఒక బకెట్ ఏపాటిది అని అమ్మకు రాశాను. రాశాక చదువుకుంటే దొంగ తన తప్పుకు లెక్క చెబుతున్నట్టు అనిపించింది. లావాకు ఉద్దేశం లేదు కదా.

మధ్యాహ్నం యంత్రం పైకి వచ్చింది. బూట్లు ఎందుకో అప్పుడు తెలిసింది. తడి డెక్ మీద ఐస్ నీళ్ల బకెట్లతో పరుగు. పెట్టె మూత తీయగానే వాసన. దీపావళి మరునాడు పొద్దున వాకిట్లో కాలిన మతాబుల దగ్గర వచ్చే గంధకం వాసన, దానికి కుళ్లిన గుడ్డు కలిపితే అది. మూడుసార్లు తలంటుకున్నా జుట్టులోంచి పోలేదు. చల్లగదిలో జల్లెళ్లు పట్టుకుని ఐదు గంటలు నిలబడ్డాం. వేళ్లు కొంకర్లు పోయాయి. గొట్టం కోస్తే గ్లవ్స్ ఎర్రబడ్డాయి, అచ్చం నెత్తురే. తాటి పురుగులు చేతిలోనే విడిపోతాయి, వాటిని చెంచాతో తీయాలి, నేను నేర్చుకునేలోపు నాలుగు పాడుచేశాను. లేబుల్ కాగితం సీసా లోపల వేయాలి, పెన్సిల్‌తోనే రాయాలి. సీసాలో పోసే ఇథనాల్ అనే ఆల్కహాల్‌లో పెన్ను సిరా కరిగిపోతుంది. అక్కడ ఒకమ్మాయి పెన్నుతో రాసింది, రెండు సీసాలు ఎక్కడివో తెలియకుండా పోయాయి. ఆ అమ్మాయి నేనే.

ఇంకో సంగతి. యంత్రం మీద వలసంచిలో థర్మోకోల్ కప్పులు కట్టి దింపడం ఓడల మీద అలవాటు. మనకు నచ్చింది స్కెచ్ పెన్నుతో రాసుకోవచ్చు. కింద ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 150 రెట్లు ఉంటుంది, కప్పులోని గాలంతా పిండేసి బుల్లి కప్పును పైకి పంపుతుంది. లోపల టిష్యూ కాగితం కుక్కండి, లేకపోతే వంకరపోతుంది. నేను మా బాపు కిరాణా దుకాణం పేరు రాశాను, మొదటి కప్పు మీద వత్తులు, గుడులు కలిసిపోయి నల్లమచ్చ అయింది. రెండోదాని మీద అక్షరాలు దూరదూరంగా రాశాను.

22న న్యూపోర్ట్‌లో దిగాం. నేల మీద నడుస్తుంటే రెండు రోజులు నేలే ఊగింది.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది, దీన్నెవరూ ఫొటోలు తీయరు. పద్నాలుగు సీసాలు. సెప్టెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా మైక్రోస్కోపు ముందే ఉన్నా. మొదటి సీసాలో లింపెట్లు వెయ్యి దాటాక లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. మెడ పట్టేసింది, కళ్లద్దాల నంబరు మారింది. కానీ తెర మీద ఆ ముప్పై ఏడు నిమిషాల్లో కనబడనివన్నీ ఇక్కడే కనబడ్డాయి. ఇసుక రేణువంత నత్త పిల్లలు. వీపు మీద పొలుసులున్న పురుగులు, రెండు ఒకదాన్నొకటి కరిచి పట్టుకుని అలాగే ఇథనాల్‌లోకి వచ్చాయి. ఒక సముద్రపు సాలీడు, మగది, కాళ్ల మధ్య గుడ్ల ముద్దను పట్టుకుని ఉంది. వాటిలో గుడ్లు మోసేది తండ్రే. అది చూసిన రోజు ఇంకే పనీ చేయలేదు, సీసా మూతపెట్టి బయట కాసేపు నడిచాను.

మూడు సీసాలు మిగిలాయి. కప్పును నవంబరులో ఊరికి పోస్టు చేశాను, చేరడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. బాపు దాన్ని గల్లాపెట్టె పక్కన తూకం రాళ్ల మధ్య పెట్టాడట. ఎవరైనా చేతిలోకి తీసుకుని ఇదేంది అని అడిగితే, "మా బిడ్డ పంపింది, సముద్రం గిట్ల పిసికింది" అంటాడట. దాంట్లో చాయ్ పోస్తే ఎన్ని చుక్కలు పడతాయో అమ్మ చూసింది. రెండు చెంచాలట.